తెల్లకాగితమే మంచు: తెరచాప ఓడల ధ్రువయాత్రల్లో నీటిరంగు చిత్రాలు

18వ శతాబ్దపు చివరి మూడు దశాబ్దాల నుంచి 19వ శతాబ్దం మధ్య వరకు, కెమెరా ఇంకా పుట్టని, పుట్టినా ఓడ మీద పనికిరాని కాలంలో, ఉత్తర దక్షిణ ధ్రువప్రాంతాలకు వెళ్లిన తెరచాప ఓడలు తిరిగి తెచ్చిన వస్తువుల్లో పటాలు, దినచర్య పుస్తకాలు, ఎండబెట్టిన మొక్కలు, రాళ్లతో పాటు చిన్న కాగితాల మీద నీటిరంగులతో వేసిన చిత్రాలు కూడా ఉండేవి. వాటిలో కొన్నిటిని ప్రభుత్వం జీతమిచ్చి పంపిన చిత్రకారులు వేశారు; ఎక్కువ భాగం మాత్రం లెఫ్టినెంట్లు, మిడ్‌షిప్‌మెన్ అనే శిక్షణ దశలోని యువ అధికారులు, ఓడ వైద్యులు తమ పనివేళల మధ్య వేసినవి. ఇవాళ మ్యూజియం గోడ మీద చట్రంలో కనబడే ఈ కాగితాలను కళాఖండాలుగా చూడటం సహజమే అయినా, పుట్టుకలో అవి పనికాగితాలు. ఓడ ఎక్కడ ఉంది, మంచు ఏ ఆకారంలో ఉంది, తీరం ఎటు వంగింది, ఎదురైన మనుషులు ఏం ధరించారు అన్న ప్రశ్నలకు జవాబుగా వేసినవి. ఆ పని ఏమిటో తెలుసుకుని చూస్తేనే వాటి నిజాయితీ, వాటి పొరపాటు, వాటి అందం మూడూ సరిగ్గా అర్థమవుతాయి.

బొమ్మ వేయడం ఆనాటి నావికుడికి వినోదం కాదు, వృత్తిలో భాగం. పటం సముద్రతీరాన్ని పైనుంచి చూపిస్తుంది. ఓడ నడిపేవాడికి తీరం పక్కనుంచి మాత్రమే కనబడుతుంది. అందుచేత ఓడ నుంచి చూసినప్పుడు కొండల వరుస ఏ ఆకారంలో తోస్తుందో ఒక పొడవాటి గీతగా గీసి, కింద దిక్కూ దూరమూ రాసిపెట్టడం చాలాకాలంగా నావికుల అలవాటు. దీనినే తీరరేఖా చిత్రం అనవచ్చు. అదే దారిన తరువాత వచ్చే ఓడ ఆ గీతను ఎదుట కనబడే కొండలతో పోల్చుకుని తానెక్కడున్నదో నిర్ధారించుకునేది. ఈ అవసరం వల్లనే లండన్‌లో నావికులను తయారుచేసే క్రైస్ట్స్ హాస్పిటల్ గణితపాఠశాలలోనూ, పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ విద్యాలయంలోనూ చిత్రలేఖనం పాఠ్యాంశంగా ఉండేది. ప్రకృతిదృశ్య చిత్రకారుడు అలెగ్జాండర్ కోజెన్స్ 1750ల తొలి సంవత్సరాల్లో క్రైస్ట్స్ హాస్పిటల్ పిల్లలకు బొమ్మలు నేర్పాడు. సైన్యంలోనూ ఇదే పద్ధతి: వులిచ్ సైనిక విద్యాలయంలో 1768 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ప్రధాన చిత్రలేఖన గురువుగా పనిచేసిన పాల్ శాండ్‌బీ, ఇంగ్లండ్‌లో నీటిరంగు చిత్రానికి గౌరవం తెచ్చినవారిలో ముందువరుసలోని వాడు. యాత్ర ముగిసిన తరువాత అధికారులు తమ దినచర్యలను, పటాలను, చిత్రాలను నౌకాదళ పాలకసంస్థ అయిన అడ్మిరల్టీకి అప్పగించాలన్న నియమం ఉండటంతో, వేసిన బొమ్మ వేసినవాడి సొంత ఆస్తిగా కాక సాక్ష్యపత్రంగా పుట్టేది.

తైలవర్ణాలు కాక నీటిరంగులే ఓడలకు ఎక్కడానికి కారణాలు వాటి తయారీలోనే ఉన్నాయి. మెత్తగా నూరిన రంగుపొడిని తుమ్మజాతి చెట్టు జిగురుతో కలిపి గట్టిపరిస్తే నీటిరంగు బిళ్ల అవుతుంది; తడి కుంచెతో రుద్దితే రంగు వస్తుంది, కాగితం మీద నిమిషాల్లో ఆరుతుంది. తైలవర్ణం ఆరడానికి రోజులు పడుతుంది; అలల మీద ఊగే ఇరుకు గదిలో అన్ని రోజులు దాన్ని తగలకుండా కాపాడటం కష్టం. 1780ల తొలినాళ్లలో లండన్‌లోని రీవ్స్ సోదరులు తేలిగ్గా కరిగే రంగుబిళ్లలను అమ్మకానికి తెచ్చాక, ఎవరి రంగులు వారు నూరుకోవలసిన శ్రమ పోయి, చేతిపెట్టెలో ఇమిడే సరంజామా అందరికీ అందుబాటులోకి వచ్చింది; 1830లలో విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ గ్లిజరిన్ కలిపి ఎప్పుడూ కొంత తేమగా ఉండే రంగులు చేసింది. కాగితం సంగతీ అంతే ముఖ్యం. కెంట్ జిల్లాలో జేమ్స్ వాట్‌మన్ 18వ శతాబ్దం మధ్యలో తయారుచేసిన, జల్లెడ గీతలు పడని నున్నటి కాగితానికి జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు పట్టించడం వల్ల నీరు వెంటనే ఇంకకుండా పైన నిలిచేది, పలచని రంగు పూతను సమంగా పరచడానికి వీలయ్యేది.

ఈ పలచని పూత పద్ధతిలో తెలుపు రంగు వేయరు. తెల్లగా కనబడవలసిన చోటును ముట్టకుండా వదిలి, చుట్టూ ఉన్న నీడలను మాత్రమే పూస్తారు. కలంకారీలో బట్టను నీలిమందులో ముంచే ముందు తెల్లగా మిగలవలసిన భాగాలకు మైనం పూసి కాపాడినట్టే, ఇక్కడ చిత్రకారుడు తన కాగితపు తెలుపును ముందుగానే తలచుకుని కాపాడుకోవాలి. మామూలు ప్రకృతిదృశ్యంలో ఈ తెలుపు మేఘానికో జలపాతానికో పనికివస్తుంది. ధ్రువసముద్రంలో దృశ్యంలోని ముప్పాతిక భాగం ఇదే. ఎక్కడ మంచు ఉందో అక్కడ కాగితం ఉంటుంది. మంచును చూపడానికి ఇంత సరిపోయిన సాధనం మరొకటి ఆ కాలంలో లేదనే చెప్పాలి. చాలామంది నావికులు వృత్తి చిత్రకారులు కాకపోయినా వారి చిత్రాల్లో మంచు నమ్మదగినదిగా ఉండటానికి వారి నేర్పుతో పాటు ఈ పదార్థ స్వభావం కూడా కారణం.

ఈ చరిత్రలో మొదటి పెద్ద ఘట్టం జేమ్స్ కుక్ రెండవ యాత్ర. దక్షిణాన పెద్ద ఖండం ఉందన్న పాత ఊహను తేల్చడానికి 1772 జులైలో రెజల్యూషన్, అడ్వెంచర్ అనే రెండు ఓడలు ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నుంచి బయలుదేరినప్పుడు అడ్మిరల్టీ నియమించిన చిత్రకారుడిగా విలియం హాడ్జెస్, ప్రకృతి శాస్త్రజ్ఞుడైన తండ్రికి సహాయకుడిగా 17 ఏళ్ల గెయోర్గ్ ఫోర్‌స్టర్ రెజల్యూషన్ ఎక్కారు. 1773 జనవరి 17న ఆ ఓడలు దక్షిణ ధ్రువవృత్తాన్ని దాటాయి. చరిత్రకు తెలిసినంతలో అంతకుముందు ఏ ఓడా దాటలేదు. దానికి వారం రోజుల ముందు జరిగిన ఒక పని హాడ్జెస్ చిత్రానికి విషయమైంది. తాగే నీరు తరిగిపోతున్న సమయంలో కుక్ పడవలు దించి, తేలియాడే మంచుకొండల నుంచి విరిగిపడిన ముక్కలను ఏరించి, కరిగించి, అయిదారు గంటల శ్రమకు సుమారు 15 టన్నుల మంచినీరు సంపాదించాడు. సముద్రం మధ్య తేలే మంచు ఉప్పగా ఉండదని అప్పటికి అందరికీ నమ్మకం లేదు; ఈ నీరు ఆ సందేహాన్ని తీర్చడమే కాక, రేవులు లేని దక్షిణ సముద్రంలో నెలల తరబడి తిరగవచ్చన్న ధైర్యం ఇచ్చింది. సిడ్నీలోని మిచెల్ గ్రంథాలయంలో ఉన్న హాడ్జెస్ చిత్రంలో పెద్ద మంచుకొండ ముందు రెండు ఓడలు, వాటి మధ్య చిన్న పడవల్లో మంచు ఎత్తుతున్న మనుషులు కనబడతారు. ఆ చిత్రం పేరులో జనవరి 4 అని ఉండగా యాత్రాగ్రంథం ఆ పని జనవరి 9న జరిగిందంటుంది. ఇలాంటి తేడాలు ఈ చిత్రాలన్నిటిలోనూ తారసపడతాయి కనుక, చిత్రం కింది తేదీని దినచర్యతో సరిచూడకుండా తీసుకోకూడదు.

ఫోర్‌స్టర్ వేసిన చిత్రాల్లో ఒకటి మరింత విలువైనది. మంచుతో నిండిన సముద్రం మీద మేఘాల అడుగుభాగం మంచు కాంతిని ప్రతిఫలించి, దిగంతం దగ్గర తెల్లటి వెలుగుపట్టీగా కనబడుతుంది. నావికులు దీన్ని ఐస్ బ్లింక్ అంటారు. దీనికి విరుద్ధంగా మంచు లేని నీటి మీది మేఘం నల్లగా తోస్తుంది, దాన్ని వాటర్ స్కై అంటారు. కంటికి ఇంకా అందని దూరంలో మంచు ఉందో, ఓడ పోగల నీరు ఉందో ఆకాశాన్ని చూసి చెప్పగలగడం తెరచాప ఓడకు ప్రాణాధారం, ఎందుకంటే గాలి మీద ఆధారపడిన ఓడ ఆఖరి క్షణంలో దారి మార్చుకోలేదు. ఫోర్‌స్టర్ తన చిత్రంలో మంచుద్వీపాలను చూపడంతో ఆగక ఈ వెలుగుపట్టీని కూడా చిత్రించాడు. ఇది గువాష్ పద్ధతిలో, అంటే తెలుపు కలిపి దట్టం చేసిన నీటిరంగుతో వేసినది కనుక, ఇక్కడ వెలుగు కాగితం నుంచి కాక పూసిన రంగు నుంచి వస్తుంది. అందమైన ఆకాశంగా మాత్రమే చూసి దాటిపోయేవారికి ఈ చిత్రంలో సగమే కనబడుతుంది. అందులో ఉన్నది ఓడ నడిపేవాడు చదవవలసిన సంకేతం.

ఈ కాగితాలు ప్రజల చేతికి నేరుగా చేరలేదన్నది తరువాతి చరిత్ర అంతటికీ కీలకం. యాత్రాగ్రంథం అచ్చయ్యేటప్పుడు చిత్రాన్ని రాగిరేకు మీద చెక్కే పనివాడు తన ఎదుట ఉన్న కాగితాన్ని గీతలుగా మార్చేవాడు. అతడు మంచును చూసినవాడు కాడు. కుక్ గ్రంథం 1777లో వెలువడినప్పుడు హాడ్జెస్ మంచుద్వీపాల చిత్రాన్ని పౌన్సీ అనే చెక్కుడు పనివాడు రేకుకెక్కించాడు. పలచని పూతల మధ్య కాగితపు తెలుపుగా నిలిచిన మంచు, అచ్చులో నల్లగీతల అల్లికగా మారక తప్పలేదు. దక్షిణ సముద్రపు మంచుకొండలు పైన చదునుగా, బల్లలాగా ఉండేవి ఎక్కువ. గ్రీన్‌లాండ్ హిమనదాల నుంచి విడిపడేవి శిఖరాలుగా, ముక్కలుగా ఉంటాయి. అచ్చుబొమ్మల్లో ఈ తేడా తరచుగా చెరిగిపోయి, అన్ని మంచుకొండలూ కోటబురుజుల్లా, చర్చి గోపురాల్లా నిలబడతాయి. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1823-24లో వేసిన ప్రసిద్ధ హిమసముద్ర చిత్రంలో మంచుపలకలు కత్తుల్లా పైకి లేవడానికి ఆధారం ధ్రువయాత్ర కాదు. ఎల్బే నదిలో గడ్డకట్టిన మంచును చూసి వేసుకున్న అభ్యాసచిత్రాలు. ఐరోపా ప్రజల మనసులో నాటుకున్న ధ్రువసముద్రం ఇలాంటి చిత్రాలది, లెఫ్టినెంట్ల చిన్న కాగితాలది కాదు. హాడ్జెస్ మాత్రం ఇంకొక దిక్కుకు తిరిగాడు: 1780లో మద్రాసులో దిగి, హైదర్ అలీతో యుద్ధం నడుస్తున్నందున ఏడాది పాటు ఆ నగరం వదిలి పెద్దగా కదలలేక, తరువాత బెంగాల్ చేరి, వారన్ హేస్టింగ్స్ ఆదరణలో ఉత్తరభారత దృశ్యాలు చిత్రించి 1783లో తిరిగి వెళ్లాడు. వృత్తి ప్రకృతిదృశ్య చిత్రకారులైన బ్రిటిష్‌వారిలో భారతదేశానికి మొదట వచ్చినవాడు అతడే.

దక్షిణానికి వెళ్లినవి బ్రిటిష్ ఓడలు మాత్రమే కాదు. రష్యా తరఫున 1819-21లో బెలింగ్స్‌హౌజెన్ నడిపిన వోస్తోక్, మీర్నీ ఓడల యాత్రలో చిత్రకారుడు పావెల్ మిఖాయిలోవ్ వేసిన మంచుకొండలు, పెంగ్విన్‌లు, ద్వీపాల బొమ్మలు ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి నిగ్రహం, అనవసరమైన నాటకీయత లేకపోవడం ఆ కాలపు మరే సంపుటిలోనూ అంత నిలకడగా కనబడవు. ఫ్రాన్స్ తరఫున 1837-40లో ద్యూమాంట్ దుర్విల్ వెంట వెళ్లిన చిత్రకారుడు ఎర్నెస్ట్ గూపిల్ హోబర్ట్‌లో జబ్బుపడి చనిపోగా, ఓడ వైద్యవిభాగంలోని లూయీ లె బ్రెతాన్ కుంచె అందుకున్నాడు. అంటార్కిటికాలోని అడెలీ తీరం మొదటిసారి కాగితానికి ఎక్కింది అలా ఒక వైద్యుడి చేతి మీదుగా.

ఉత్తరదిక్కున కథ మరింత చిక్కనిది, అక్కడ మనుషులు ఉన్నారు కనుక. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు కెనడా ఉత్తరాన దారి వెతకడానికి 1818లో జాన్ రాస్ నాయకత్వంలో ఇసబెల్లా, అలెగ్జాండర్ ఓడలు బయలుదేరినప్పుడు, దుభాషిగా గ్రీన్‌లాండ్ ఇన్యూయిట్ యువకుడు జాన్ సాకియూస్ ఉన్నాడు. అతడు 1816లో తిమింగలాల వేట ఓడలో స్కాట్లండ్‌లోని లీత్ రేవుకు చేరి, ఎడిన్‌బరోలో ప్రసిద్ధ చిత్రకారుడు అలెగ్జాండర్ నాస్మిత్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. 1818 ఆగస్టు 10న గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో, బయటి ప్రపంచంతో అప్పటికి సంబంధం లేని ఇనుఘుయిట్ జనం ఈ ఓడలకు ఎదురయ్యారు. ఓడలను రెక్కలున్న ప్రాణులుగా భావించి వారు దూరంగా నిలిచిపోతే, సాకియూస్ ఒంటరిగా మంచు మీద నడిచి వెళ్లి మాట కలిపాడు. ఆ కలయికను అతడే చిత్రించాడు. పూర్తి లాంఛన దుస్తుల్లో, టోపీ ధరించి నిలబడిన ఇద్దరు అధికారులు, అద్దంలో ముఖం చూసుకుంటున్న ఇనుఘుయిట్, ఎముకలతో కట్టిన బండ్లు, కుక్కలు, వెనుక ఓడలు ఆ చిత్రంలో ఉన్నాయి; వీటన్నిటి మధ్య తానూ ఉన్నాడు. ధ్రువయాత్రల చిత్రసంపద మొత్తంలో దీనికి సాటి లేదు. అధికారుల బొమ్మల్లో స్థానికులు వింతలుగా నిలబడతారు. ఇక్కడ మంచు మీద అనవసరమైన మెరుపు దుస్తుల్లో ఉన్న అధికారులూ అంతే వింతగా కనబడతారు, ఎందుకంటే చిత్రించినవాడికి రెండు పక్షాలూ తెలుసు. రాస్ గ్రంథంలో ఇది 1819లో రంగుల అచ్చుగా వెలువడింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సాకియూస్ ఎడిన్‌బరోలో జ్వరంతో మరణించాడు. అతడు బతికి ఉంటే తరువాతి అర్ధశతాబ్దపు ధ్రువచిత్రాలు ఎంత వేరుగా ఉండేవో ఊహించడం కష్టం కాదు, ఆ లోటు ఎన్నటికీ తీరనిది.

అదే యాత్ర చిత్రసాక్ష్యం ఎంత దారుణంగా తప్పగలదో కూడా చూపింది. ఆగస్టు 31న లాంకాస్టర్ జలసంధి లోపల రాస్‌కు దారిని మూసేస్తూ అడ్డంగా కొండల వరుస కనబడింది. అతడు దానికి అడ్మిరల్టీ కార్యదర్శి క్రోకర్ పేరు పెట్టి, పటంలో చేర్చి, వెనక్కి తిరిగాడు. అక్కడ కొండలు లేవు. చల్లటి నీటి మీది గాలిపొరల్లో వెలుగు వంగినప్పుడు దూరపు మంచూ దిగంతమూ పైకి లేచి గోడలా కనబడటం ధ్రువసముద్రాల్లో మామూలే. ఎండమావి లాంటి ఈ భ్రమను రాస్ నేలగా తీసుకున్నాడు. మరుసటి ఏడాది విలియం ప్యారీ హెక్లా, గ్రైపర్ ఓడలతో ఆ పటంలోని కొండల మీదుగానే సాగిపోయి మెల్విల్ ద్వీపం దాకా చేరాడు. అడ్మిరల్టీ రాస్‌కు మళ్లీ ఓడ ఇవ్వలేదు. ఎదుట కనబడినదాన్ని ఎంత నిజాయితీగా గీసినా, కన్ను ముందే మోసపోతే గీత దాన్ని సరిదిద్దలేదు.

పదేళ్ల తరువాత మద్యం వ్యాపారి ఫీలిక్స్ బూత్ సొమ్ముతో విక్టరీ ఓడలో వెళ్లిన అదే రాస్, 1829 నుంచి నాలుగు చలికాలాలు మంచులో చిక్కుకుని, తన నీటిరంగు చిత్రాల్లో అత్యుత్తమమైనవి అక్కడ వేశాడు. వాటిలో నెట్‌సిలిక్ ఇన్యూయిట్ల రూపచిత్రాలు ముఖ్యం. కాలు పోగొట్టుకున్న తులుఆహియు అనే వేటగాడికి ఓడ వడ్రంగి చేసి ఇచ్చిన కొయ్యకాలును రాస్ శ్రద్ధగా చిత్రించాడు. ఓడ గదిలో బల్ల మీద పరిచిన పటానికి ఇక్మల్లిక్ అనే వ్యక్తి తనకు తెలిసిన తీరాన్ని పెన్సిల్‌తో కలుపుతున్న దృశ్యాన్నీ వేశాడు. ఈ రెండవ చిత్రం ముందు ఎక్కువసేపు ఆగడం అవసరం. ఇంతకుముందు 1822 చలికాలంలో ప్యారీకి ఇలిగ్లియుక్ అనే ఇన్యూయిట్ స్త్రీ గీసి ఇచ్చిన పటమే, ఫ్యూరీ అండ్ హెక్లా జలసంధి అనే పేరు తరువాత పొందిన దారిని చూపింది; ప్యారీ గ్రంథంలో ఆ పటం అచ్చయింది. ధ్రువయాత్రల చిత్రలేఖనం అంటే వచ్చినవారు ఉన్నవారిని గీయడం మాత్రమే అని అనుకుంటే సగం చరిత్ర పోతుంది. ఓడల్లోని పెన్సిళ్లు చేతులు మారాయి. నేల తెలిసినవారి గీత నేల తెలియనివారి పటంలోకి చేరింది, పేర్లు మాత్రం చేరినవారివే మిగిలాయి.

చలి చిత్రకారుడి చేతిని ఏం చేసేదో చెప్పాలంటే పనిక్రమం తెలియాలి. గడ్డకట్టే ఉష్ణోగ్రతలో తడి కుంచె కాగితాన్ని తాకేలోపే నీరు మంచు అయ్యేది. చేతితొడుగు తీసిన వేళ్లు కొద్ది నిమిషాలకే మొద్దుబారేవి. అందుచేత ఆరుబయట పెన్సిల్‌తో గీత మాత్రం గీసి, ఏ భాగం ఏ రంగులో ఉందో పక్కనే మాటల్లో రాసుకుని, ఓడ లోపల దీపం దగ్గర రంగులు వేయడం ఎక్కువమంది పద్ధతి అయింది. నెపోలియన్ యుద్ధకాలంలో బాలుడిగా ఫ్రెంచివారికి చిక్కి, ఖైదీగా ఉన్నప్పుడు చిత్రలేఖనం నేర్చుకున్న జార్జ్ బ్యాక్ ఈ పద్ధతిలో ఆరితేరినవాడు. 1819-22లో బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఫ్రాంక్లిన్ నడిపిన నేలమార్గపు యాత్రలో బ్యాక్‌తో పాటు చిత్రాలు వేసిన రాబర్ట్ హుడ్ 24 ఏళ్ల వయసులో 1821 అక్టోబరులో ఆకలి, హత్యల మధ్య ప్రాణం కోల్పోయాడు. హుడ్ నీటిరంగుల్లోని పక్షులు, జంతువులు మాత్రం క్షేమంగా తిరిగి వచ్చాయి. బ్యాక్ 1836లో నాయకుడిగా టెర్రర్ ఓడను తీసుకువెళ్లి, సౌతాంప్టన్ ద్వీపం దగ్గర మంచులో చిక్కి, పది నెలల పాటు ఆ మంచుతో పాటే కొట్టుకుపోయాడు. ఒత్తిడికి పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఓడను నీటి నుంచి పైకి ఎత్తేసిన దృశ్యాన్ని అతడు వేసిన చిత్రంలో ఓడ ఒక పక్కకు ఒరిగి, మంచు గోడల మధ్య చిన్నదిగా కనబడుతుంది. శిథిలమైన ఆ ఓడ చివరకు 1837 సెప్టెంబరులో ఐర్లండ్ తీరంలో ఇసుకకు ఎక్కి ఆగింది.

మరమ్మతు పొందిన అదే టెర్రర్, ఎరెబస్‌తో కలిసి 1839-43లో జేమ్స్ క్లార్క్ రాస్ నాయకత్వంలో దక్షిణానికి వెళ్లింది. అప్పటికి ఈ రెండు ఓడల్లోనూ ఆవిరియంత్రం లేదు. వాటిలో అది చేరింది 1845లో, ఫ్రాంక్లిన్ తిరిగిరాని యాత్రకు ముందు. టెర్రర్‌లో సెకండ్ మాస్టర్‌గా, అంటే ఓడ దారి, పటాల పని చూసే అధికారుల్లో ఒకడిగా ఉన్న జాన్ ఎడ్వర్డ్ డేవిస్ ఈ యాత్రకు ప్రధాన చిత్రకారుడయ్యాడు. 1841 జనవరి 28న వారికి మంచుఖండం మీద పొగా మంటా కక్కుతున్న అగ్నిపర్వతం కనబడింది. దానికి ఎరెబస్ పేరు పెట్టారు. ఆ వెంటనే ఎదురైనది నీటి నుంచి 150, 200 అడుగుల ఎత్తున నిటారుగా లేచి వందల మైళ్ల పొడవునా విరామం లేకుండా సాగిన మంచుగోడ. డేవిస్ చిత్రాల్లో ఈ గోడకు బురుజులు లేవు, శిఖరాలు లేవు. పైన సమంగా ఒక గీత, కింద నీడ. పటాలు గీసే చేతికి ఎత్తును పెంచి చూపే అలవాటు ఉండదు, ఎందుకంటే ఎత్తు తప్పితే తరువాతి ఓడ తప్పుతుంది. ఆ కారణం వల్లనే డేవిస్ కొండ, మంచు ఇంతకాలం తరువాత కూడా నమ్మదగినవిగా నిలుస్తాయి. అతడు తరువాత అడ్మిరల్టీ పటాల శాఖలోనే పనిచేశాడు. ఎరెబస్‌లో సహాయ వైద్యుడిగా, వృక్షశాస్త్రజ్ఞుడిగా ఉన్న జోసెఫ్ డాల్టన్ హుకర్ కూడా బొమ్మలు వేసేవాడు. అతడే తరువాత సిక్కిం హిమాలయాల్లో తిరిగి, భారతదేశపు మొక్కలన్నిటికీ ఏడు సంపుటాల గ్రంథం కూర్చాడు.

లండన్ ప్రజలు ఈ చిత్రాలను చూసిన పెద్ద వేదిక పనోరమా. గుండ్రటి భవనంలో గోడల చుట్టూ తిప్పి కట్టిన మహాచిత్రం మధ్యలో నిలబడి చూసే ఏర్పాటు అది. లీస్టర్ స్క్వేర్‌లోని పనోరమాలో 1819లో స్పిట్స్‌బెర్గెన్ మంచు, 1834లో జాన్ రాస్ చిత్రాల ఆధారంగా అతడు మంచులో చిక్కుకున్న బూథియా, 1850లో లెఫ్టినెంట్ విలియం బ్రౌన్ చిత్రాల ఆధారంగా ధ్రువప్రాంతపు వేసవి, చలికాలం ప్రదర్శించారు. అరచేతి వెడల్పు కాగితం భవనమంతటి గుడ్డగా పెరిగినప్పుడు ఎంత కలిపారో చెప్పనవసరం లేదు. ఫ్రాంక్లిన్ ఓడలను వెతకడానికి వెళ్లిన వారి కాలంలో శిలాముద్రణ, అంటే నున్నటి రాతి మీద జిడ్డుసిరాతో గీసి అచ్చు తీసే పద్ధతి, ఈ చిత్రాలను ఇళ్లకు చేర్చింది. ఇన్వెస్టిగేటర్ ఓడ లెఫ్టినెంట్ శామ్యూల్ గర్నీ క్రెస్‌వెల్ వేసిన ఎనిమిది రంగుల దృశ్యాలు 1854లో వెలువడ్డాయి. ఆ ఓడ మెర్సీ బే అనే అఖాతంలో 1851 సెప్టెంబరు నుంచి గడ్డకట్టి కదలలేదు. 1853 ఏప్రిల్‌లో రోగులైన సహచరులతో మంచుబండ్లు లాగుతూ బయలుదేరిన క్రెస్‌వెల్, తూర్పువైపున ఉన్న ఇతర ఓడలను చేరి, ఆ ఏడాదే ఇంగ్లండ్ చేరాడు. అదే ఓడలోని దుభాషి మీర్షింగ్ తన దినచర్యను, మొక్కల సేకరణను బరువు వల్ల వదిలేయవలసి వచ్చింది. క్రెస్‌వెల్ దృశ్యాలు అచ్చు దాకా నిలిచాయి. ఇన్వెస్టిగేటర్ శిథిలాలను 2010 జులైలో మెర్సీ బే అడుగున, నిలువుగా నిలిచి ఉండగా కనుగొన్నారు.

1850లలో కెమెరాలు గ్రీన్‌లాండ్ చేరాయి; 1875-76లో జార్జ్ నేర్స్ నడిపిన బ్రిటిష్ ఉత్తరధ్రువ యాత్రలో ఫోటోలు తీశారు. అయినా ఆ యాత్రలోనే అలర్ట్ ఓడ వైద్యుడు ఎడ్వర్డ్ మాస్ నీటిరంగులు వదలలేదు. ఫోటోకు రంగు లేదు, దీర్ఘరాత్రి చీకట్లో అది పనిచేయదు, సూర్యుడికి రెండు పక్కలా మంచు స్ఫటికాల వల్ల కనబడే నకిలీ సూర్యులను, చంద్రుడి చుట్టూ వచ్చే వలయాలను పట్టుకోలేదు. ఈ అవసరమే ఎడ్వర్డ్ విల్సన్ దాకా వచ్చింది. 1901-04లో డిస్కవరీ, 1910లో బయలుదేరిన టెర్రా నోవా, రెండూ ఆవిరియంత్రం ఉన్నా తెరచాపలు విప్పే ఓడలే. రెండింటిలోనూ వైద్యుడు, జంతుశాస్త్రజ్ఞుడు, చిత్రకారుడు విల్సన్. మంచు మీద నల్లకళ్లద్దాలు తీస్తే గానీ రంగు తెలియదు, తీస్తే మంచు వెలుగుకు కళ్లు వాచి చూపు పోతుంది. 1902 డిసెంబరులో దక్షిణ ప్రయాణంలో ఆ బాధతో కళ్లకు గంతలు కట్టుకుని అతడు బండి లాగాడు. కళ్లు తెరిచి ఉన్నంతసేపు గీసి, రంగుల పేర్లు గీత పక్కనే రాసి, గుడిసెకు వచ్చాక వాటిని చూసుకుంటూ కుంచె పట్టేవాడు. 1912 జనవరి 18న దక్షిణ ధ్రువం దగ్గర, తమకంటే ముందే అక్కడికి చేరిన నార్వే యాత్రికుడు ఆముండ్‌సన్ వదిలి వెళ్లిన గుడారాన్ని కూడా అతడు ఆ పద్ధతిలోనే పెన్సిల్‌తో గీశాడు. దానికి రంగులు వేసే అవకాశం అతడికి రాలేదు.

రంగుల పేర్లు రాసుకునే ఈ అలవాటుకు తరువాతి కాలంలో ఎవరూ ఊహించని ప్రయోజనం కలిగింది. నీటిరంగు చిత్రకారులు బూడిద ఆకాశానికి నీలిమందును ఎర్రమట్టి రంగుతో కలిపి వాడేవారు. ఆ నీలిమందులో ఎక్కువ భాగం 19వ శతాబ్దంలో బెంగాల్ నుంచి, కొంత మద్రాసు రాజధానిలోని కడప, నెల్లూరు ప్రాంతాల నుంచి ఇంగ్లండ్‌కు ఎగుమతి అయ్యేది. నీలిమందు వెలుగుకు వెలిసిపోతుంది, ఎర్రమట్టి పోదు. 1888లో రసెల్, ఆబ్నీ అనే శాస్త్రజ్ఞులు బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో నీటిరంగులు వెలుగుకు ఎలా మారతాయో పరీక్షించి చూపారు. చట్రంలో ఏళ్ల తరబడి గోడ మీద ఉన్న ధ్రువదృశ్యంలో ఇవాళ గులాబీరంగు సంధ్యాకాశం కనబడితే, అది నిజంగా సంధ్యాకాశమా, లేక నీలం పోగా మిగిలిన బూడిదరంగు మధ్యాహ్నమా అని అడగవలసి ఉంటుంది. పుస్తకాల మధ్య మూసి ఉన్న కాగితాల్లో నీలం నిలిచింది. పెన్సిల్ గీతలు, వాటి పక్కన రాసిన రంగుల పేర్లు వెలుగుకు చెక్కుచెదరవు కనుక, కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ ధ్రువపరిశోధన సంస్థ లాంటి చోట్ల ఉన్న అభ్యాసపుస్తకాల్లో ఒక చిత్రానికి ముందటి పెన్సిల్ రూపం దొరికినప్పుడల్లా, ఆ రోజు ఆకాశం ఏ రంగులో ఉందో పూర్తయిన చిత్రాన్ని చూసి కాక ఆ రాతను చదివి తేల్చుకోవలసి వస్తోంది.